రెండడుగులు పెరిగిన పెట్టె

మనిషి చచ్చిన గదిలోకి అడుగు పెట్టాలంటే డిటెక్టివ్ మునిరామయ్యకు గుండెలు దడదడలాడతాయి. ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆయన గుమ్మం తొక్కేవాళ్ళుండరు. చిత్తూరు కోర్టులో పద్దెనిమిదేళ్ళు నకళ్ళు రాసే గుమస్తాగా పనిచేసి, హత్యకేసుల సాక్ష్యాలన్నీ వేళ్ళు నొప్పి పుట్టేలా తిరగరాసి, ఇందులో సగం అబద్ధమేనని కనిపెట్టి, ఉన్న ఉద్యోగం వదులుకుని ఈ పనిలో దిగాడు. కాగితం మీది హత్యకూ నేలమీది హత్యకూ ఎంత తేడా ఉందో తెలిసేసరికి జిల్లా అంతా ఆయన్ను డిటెక్టివ్ అని పిలవడం మొదలుపెట్టేసింది. ఇప్పుడు భయమని చెబితే నవ్విపోతారు.

అందుకే ఆ శనివారం మధ్యాహ్నం రెండూ నలభైకి, తిరుపతి రైలు స్టేషను వెనక వీధిలో, వరదయ్య ఇంట్లోని ముందుగది గడప మీద నిలబడి, ఊరికే మెడ తుడుచుకుంటూ కాలం గడుపుతున్నాడు.

"లోపలికి రాండి. నేను ఈడనే ఉంటాను," అంది వరదయ్య భార్య యశోదమ్మ. మొగుడు పోయి ఇంకా ఒక రోజు నిండలేదు. శవాన్ని పొద్దున్నే పరీక్షకు తీసుకుపోయారు. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు వాచిపోయాయి. అయినా డిటెక్టివుకు ధైర్యం చెప్పవలసిన గతి ఆవిడకే పట్టింది.

వరదయ్య రైల్వేలో ముప్పయ్యేళ్ళు గూడ్సు పెట్టెల తనిఖీదారుగా పనిచేసి రిటైరైనవాడు. నిన్న సాయంత్రం ఈ గదిలోనే ఎవరో తలమీద కొట్టి చంపారు. ఏడు గంటలకు శవం కనబడింది. ఎనిమిదికల్లా ఇన్‌స్పెక్టరు వెంకటముని హంతకుణ్ణి పట్టుకున్నానని ప్రకటించేశాడు. వాడి పేరు పెంచలయ్య. ఎర్రచందనం బొమ్మలు చెక్కి పొట్టపోసుకునేవాడు. గంటలో దొరికిపోయే హంతకులంటే మునిరామయ్యకు మొదటినుంచీ నమ్మకం లేదు.

తెల్లవారుతూనే పెంచలయ్య భార్య గంగులమ్మ వచ్చి ఆయన కాళ్ళు పట్టుకుంది. "నా మొగుడు చీమను గూడా తొక్కడు సామీ. కర్రమింద ఉలి పెట్టేముందు గూడా దణ్ణం పెట్టుకుంటాడు. ఆయన్ని ఉరెయ్యబాకండని సెప్పండి," అంది. ఆ మాట పొద్దుటినుంచీ మునిరామయ్య చెవిలో ముల్లులా ఉంది. ఉరి వేయవద్దని చెప్పడానికి తానెవరు? నిజం తెలియకపోతే మాత్రం పెంచలయ్యకు ఉరి తప్పదు. అదీ ఆయన భయం.

నాలుగు గంటలసేపు పోలీసు స్టేషనులో కూర్చుని వాదించాడు. చివరికి ఇన్‌స్పెక్టరు విసిగిపోయి, ఇంకా అరెస్టు రాయలేదు గనక, ఊళ్ళో పరువున్నవాడెవడైనా పూచీ పడితే మూడింటికి ఇంటికి పంపిస్తానన్నాడు. పిలవకుండానే ఒక మనిషి ముందుకొచ్చాడు. రేణిగుంట యార్డులో సరుకు ఎక్కించే ఒక కాంట్రాక్టరు దగ్గర గుమస్తా. పేరు సుబ్బన్న. వరదయ్యకు స్నేహితుడు, రోజూ సాయంత్రం ఈ ఇంటికి వచ్చిపోయేవాడు. నిన్న యశోదమ్మతో కలిసి శవాన్ని మొదట చూసిందీ, పోలీసులకోసం పరిగెత్తిందీ ఆయనే. "పాపం, పనివాడు. నేనున్నాను," అన్నాడు. మునిరామయ్య తన చక్కని దస్తూరీతో పూచీకత్తు రాసిచ్చి, లోకంలో మంచితనం ఇంకా మిగిలే ఉందనుకుంటూ ఇక్కడికి వచ్చాడు.

ఇక గడప దాటక తప్పలేదు.

గదిలో ముప్పాతిక భాగం ఒక పెద్ద బల్ల. బల్ల చుట్టూ బుల్లి రైలు పట్టాలు. ఒక మూల కాగితం గుజ్జుతో చేసిన కొండ, కొండలో సొరంగం. పట్టాలమీద గూడ్సు పెట్టెలు వరుసగా పన్నెండు, జానెడైనా లేని పెట్టెలు. తలుపులు, గొళ్ళేలు, బ్రేకు కడ్డీలు, పక్కన తెల్లరంగుతో నంబర్లు. అసలు పెట్టెల రంగూ ఎర్రచందనం రంగూ ఒకటే కావడం పెంచలయ్యకు కలిసొచ్చినట్టుంది. నేలమీద సున్నం చల్లిన చోటు వైపు మునిరామయ్య చూడలేదు. అక్కడేముందో ఆయనకు తెలుసు.

"ఇవి ఆటబొమ్మలు కాదండీ ఆయన లెక్కలో," అంది యశోదమ్మ గడప దగ్గరినుంచి. "ఒక్కొక్కటీ యార్డులో తిరిగే అసలు పెట్టెకు అచ్చు. అడుక్కు పావంగుళం. మేకు ఒకటి తక్కువైనా వెనక్కి పంపించేవారు. ఊహించి చేస్తే బొమ్మ, కొలిచి చేస్తే పెట్టె అనేవారు. మా పెండ్లి ఏ సంవత్సరమో అడిగితే తడుముకునేవారు గానీ, ఏ నంబరుకు బ్రేకు కడ్డీ ఏ పక్క ఉండాదో నిద్దట్లో లేపినా చెప్పేవారు." చెబుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆవిడ తేరుకునేదాకా ఆగి, "నిన్న జరిగింది మొదటినించీ చెప్పండమ్మా. గంటలతో సహా," అన్నాడు మునిరామయ్య.

"గంటలు నాకు తెల్దు. బండ్లు తెలుసు. అయిదు గంటల గూడ్సు పోయినాక పెంచలయ్య వచ్చినాడు. కొత్త పెట్టె గుడ్డలో చుట్టుకొచ్చినాడు. రోంతసేపటికి మా ఆయన అరిచినారు, ఇది ఆ పెట్టె కాదురా అని."

"కోపంగానా?"

"ఇన్‌స్పెక్టరు గూడా అదే అడిగినాడు. అవునన్నాను. రాత్రంతా దాన్నే తలుచుకుంటా ఉండాను. కోపమొస్తే ఆయన గొంతు పెరగదండీ, తగ్గుతుంది. నిన్నటిది కోపం కాదు. దయ్యాన్ని చూసినోళ్ళ గొంతు అది."

మునిరామయ్య గడప వైపు ఒకసారి చూసుకున్నాడు. "పెంచలయ్య ఎప్పుడు పోయినాడు?"

"అరగంటకంతా. నేను పెరట్లో బావికాడ ఉండాను. వీధి తలుపు సద్దైంది. తర్వాత ఆయన లోపలినించి గడియ పెట్టుకున్నారు. పగటిపూట గడియ పెట్టుకోవడం ఇన్నేండ్ల కాపురంలో నేను చూళ్ళేదు."

"ఈ మాట ఇన్‌స్పెక్టరుకు చెప్పినారా?"

"వాడు పోవడం కండ్లారా చూసినావా అన్నాడు. లేదన్నాను. అంతటితో పుస్తకం మూసినాడు."

మునిరామయ్య తన పుస్తకంలో రాసుకున్నాడు: అయిదూ ముప్పై, పెంచలయ్య వెళ్ళాడు, తర్వాత గడియ. "ఆపైన?"

"ఆరూ అయిదు ప్యాసింజరు కూతేసింది. ఇంకో పది నిముషాలకు ఎవురో తలుపు తట్టినారు. అప్పుడే గదిలో బొమ్మబండి కదిలింది."

"ఎవరైనా వచ్చి తలుపు తడితే, బొమ్మబండి నడిపించినారా?"

"అదే నాకూ వింతగా ఉండాది. తాళం తిప్పితే ఇంజను బల్ల చుట్టూ నాలుగు చుట్లు తిరగతాది. నిన్న ఒక్క చుట్టు గూడా తిరగలా. గిర్రుమని పోయి టక్కున ఆగిపోయింది. తర్వాత మాటలు వినబడినాయి గానీ, గిలక మోతలో ఎవురి గొంతో తెలీలా. నీళ్ళు మోసుకుని, పెరడంతా కడిగి, దీపం పెట్టేలోపల సుబ్బన్న వచ్చి పిలిచినాడు. ఇద్దరం పోయి చూస్తే..."

మునిరామయ్య బల్ల దగ్గరికి నడిచాడు. గోడకున్న అరల్లో కాగితాలూ, రంగుడబ్బాలూ చిందరవందరగా ఉన్నాయి. ఎవరో గబగబా వెదికారు. దేనికోసం? పన్నెండు పెట్టెలూ పట్టాలమీదే ఉన్నాయి. ఇంజను మాత్రం లేదు. అది జర్మనీ సరుకు. యుద్ధానికి ముందు మద్రాసులో కొన్నది. దాన్ని దొంగిలించడానికే పెంచలయ్య చంపాడని ఇన్‌స్పెక్టరు వాదన. పెంచలయ్య ఇల్లు పెంకులతో సహా విప్పినా అది దొరకలేదు.

పట్టాలను ఇంకా దగ్గరగా చూద్దామని బల్లమీద రెండు చేతులూ ఆనించి వంగాడు.

కొండలోపల ఏదో గిర్రుమంది.

మునిరామయ్య ఎగిరి రెండడుగులు వెనక్కి పడ్డాడు. ఆ పడడంలో సున్నం చల్లిన చోటే కాలు పెట్టాడు. గొంతులోంచి కేక రాబోతే బలవంతాన మింగాడు. యశోదమ్మ తలుపు రెక్క పట్టుకుని బిగుసుకుపోయింది. చప్పుడు ఆగింది. గోడకు తగిలించిన వరదయ్య రైల్వే గడియారం ఒక్కటే టిక్కుటిక్కుమంటోంది. అప్పుడు టైము మూడూ పది.

పారిపోదామా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాడు. గంగులమ్మ మాట గుర్తొచ్చి ఆగాడు. పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని, సొరంగంలోకి చెయ్యి భుజందాకా దూర్చాడు. చల్లగా ఇనుము తగిలింది.

"ఏమప్పా మునిరామయ్యా! కొండను తవ్వి ఎలకను పడతాండావా?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు వెంకటముని. టోపీ చంకలో, నవ్వు మీసాలకింద. కోర్టులో తాను కట్టిన కేసు రెండుసార్లు మునిరామయ్య వల్ల వీగిపోయింది గనక, ఈయన్ని చూసినప్పుడల్లా ఆయనకు అజీర్తి చేసినట్టుంటుంది.

"ఎలకను కాదు, మీరు పోగొట్టుకున్న ఇంజనును," అంటూ మునిరామయ్య చెయ్యి బయటికి లాగాడు. చేతిలో ఇంజను ఉంది. ఇంజను వెనక తగిలించిన ఒకే ఒక పెట్టె వేలాడుతోంది. స్ప్రింగులో ఇంకా బిగువు మిగిలి ఉండడంతో చక్రాలు గాలిలో గిర్రున తిరిగి ఆగాయి.

వెంకటముని నవ్వు ఆగిపోయింది. అయినా తగ్గే మనిషి కాదు. "సరే, దొంగతనం లేదు. కోపం ఉండాది గదా! కొత్త పెట్టె తప్పుగా చేసుకొచ్చినాడు. ఇది ఆ పెట్టె కాదురా అని పెద్దాయన తిట్టినాడు. పనోడికి రోషమొచ్చింది. చేతిలో సుత్తి ఉండె. ఇంకేం గావాలప్పా?"

"ఆ పెట్టె ఇదే. ఒకసారి చూస్తారా?"

మునిరామయ్య దాన్ని విప్పి బల్లమీద నిలబెట్టాడు. పక్కన నంబరు 4172. పట్టాలమీది వరుసలో అయిదోది తీసి దాని పక్కన పెట్టాడు. దాని నంబరూ 4172 నే. నంబరు ఒకటే గానీ పెట్టెలు ఒకటి కావు. పాతదానికి జరిగే తలుపు, కొత్తదానికి రెండు రెక్కల తలుపు. పొడుగులో కొత్తది అర అంగుళం ఎక్కువ.

"ఈ పాతది ఎవరు కొలిచినారమ్మా?" అని యశోదమ్మనడిగాడు.

"మా ఆయనే. నాలుగేండ్ల కింద, రిటైరు కాకముందు. కాకపోతే కింది చట్రం కొలవడానికి అప్పుడు కుదరలేదు. ఊహతో చేసినానే అని ఆయనకు అది ఎప్పుడూ గుచ్చుకునేది. ఇప్పుడు మోకాళ్ళు వంగవు గదా, పెంచలయ్యను పంపించి మళ్ళీ కొలిపించినారు, కొత్తది చేయించాలని."

"విన్నావు గదా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పెంచలయ్య తప్పు కొలిచినాడు."

మునిరామయ్య జేబులోంచి ఒక పురికొస చుట్ట తీశాడు. "పొద్దున గంగులమ్మ ఇచ్చింది. పెంచలయ్యకు అక్షరం రాదు. అసలు పెట్టె పక్కన తాడు పట్టుకుని అడుక్కొక ముడి వేసుకుంటాడు. వాళ్ళ తాతలనాటినించీ అదే పద్ధతి. ముడి తప్పిందని అనుమానమొస్తే ఆ తాడు కాల్చేసి మళ్ళీ కొలుస్తారు గానీ ఉలి ముట్టుకోరు. మీరే లెక్కపెట్టండి."

వెంకటముని గొణుక్కుంటూ లెక్కపెట్టాడు. నమ్మకం లేక రెండోసారి లెక్కపెట్టాడు. "ఇరవై రెండు."

"పాత పెట్టె అయిదంగుళాలు. అంటే అసలుది ఇరవై అడుగులు. ఇనుప చట్రం మీద కట్టిన పెట్టె నాలుగేళ్ళలో రెండడుగులు పెరుగుతుందా? అది ఏమైనా సొరకాయా?"

"నంబరు తప్పు చూసుంటాడు."

"చదువొచ్చినవాడు తప్పు చదువుతాడు. రానివాడు చదవడు. పాత పెట్టె మీది అంకెల్ని బొమ్మల మాదిరి కంటితో పట్టుకుపోయి, అవే బొమ్మలు ఎక్కడున్నాయో యార్డంతా తిరిగి వెతికి, ఉన్నదాన్ని ఉన్నట్టు గీసుకొచ్చినాడు. లేని అంకె కల్పించడం వాడికి చేతకాదు."

ఇన్‌స్పెక్టరు గడ్డం గోక్కున్నాడు. ఆయన తెలివితక్కువవాడేమీ కాదు, మొండివాడంతే. "రేణిగుంటలో పెద్ద లైనూ ఉండాది, చిన్న లైనూ ఉండాది. ఒకటి ఆ లైను పెట్టె, ఇంకోటి ఈ లైను పెట్టె. నంబరు కలిసుంటుంది. ఏమంటావ్?"

మునిరామయ్యకు ఆ ప్రశ్న నచ్చింది. "మంచి మాట. చిన్న లైను పెట్టె అయితే చక్రాల మధ్య ఎడం తగ్గాలి. పెంచలయ్య అదీ కొలిచే చేస్తాడు. అప్పుడది ఈ పట్టాలమీద నిలబడదు. కానీ దీన్ని ఇంజను సొరంగందాకా లాక్కుపోయింది. ఇది పెద్ద లైను పెట్టే."

"అయితే సొరంగంలో ఎందుకు ఆగింది?"

"లోపల వంపు ఉంది. ఇరవై అడుగుల పెట్టెలకు సరిపడా తొలిచిన సొరంగం. ఇరవై రెండు అడుగులది వంపు తిరగలేక మూల గోడకు ఆనుకుని ఇరుక్కుపోయింది. తన సొరంగం కొలత వరదయ్యకు తెలియదా ఇన్‌స్పెక్టరు గారూ? తెలుసు గనకే పంపినాడు. తలుపు తట్టిన మనిషి లోపలికి వచ్చేలోగా ఈ పెట్టెను దాచాలి. ఆ మనిషిని చూసి భయపడినాడు. ఆ వచ్చినవాడు అరలన్నీ వెతికినాడు. కొండలో చెయ్యి పెట్టాలని తోచలేదు."

చావు గుమ్మంలో నిలబడి తలుపు తడుతూంటే, ముసలాయన బొమ్మ ఇంజనుకు తాళం తిప్పుతున్నాడు. ఆ దృశ్యం మునిరామయ్య కళ్ళముందు నుంచి పోవడం లేదు.

"అంటే నువ్వు చెప్పేదేంది?" అన్నాడు వెంకటముని. గొంతులో వెక్కిరింత లేదు.

"పట్టాలమీద ఒకే నంబరుతో రెండు పెట్టెలు తిరుగుతున్నాయి. ఒకటి అసలుది. ఇంకోటి..."

ఇంకోటేమిటో ఆయనకూ తెలియదు. యశోదమ్మ అప్పుడు గడప దాటి లోపలికి వచ్చింది. సున్నం గీత పక్కనుంచి తొక్కకుండా నడిచి, కొత్త పెట్టెను చేతిలోకి తీసుకుని, మొగుడు చూసినట్టే తల్లకిందులు చేసి చూసింది. కింది చట్రం మీద, చక్రం పక్కన, గోటితో గీరినంత సన్నగా మూడు గాట్లు. పెంచలయ్య ఉన్నదాన్ని ఉన్నట్టు చెక్కాడు కదా, అవీ చెక్కాడు.

ఆవిడ వాటిమీద వేలు పెట్టింది. "ఇవి మా ఆయన గాట్లు."

"ఏం గాట్లమ్మా?"

"పనికిరాదని తేల్చి తుక్కుకు పంపించే పెట్టెకు, ఆయన సొంత ఉలితో కింద మూడు గాట్లు పెట్టేవారు. ఎవురూ మళ్ళీ రంగేసి పట్టాలెక్కించకుండా. ఆ గుర్తు ఆయనకూ నాకూ తప్ప ఎవురికీ తెల్దు. రాత్రి కూడు తింటా చెప్పేవారు, ఈ పొద్దు ఒకదానికి మూడు గాట్లు పెట్టినానే అని." ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. "ఇది చచ్చిపోయిన పెట్టెండీ. అందుకే ఆయన అట్ల అరిచినారు."

ముందు తేరుకున్నది ఇన్‌స్పెక్టరే. టోపీ బల్లమీద పెట్టి, నుదురు తుడుచుకున్నాడు.

"నాలుగు నెలలుగా కంట్రోలు బియ్యం మాయమైపోతా ఉండాది. రోడ్లన్నీ కాపలా కాసినాం. ఒక్క బండి పట్టుబడలా. జనం గంజికి అల్లాడతా ఉండారు. ఏ లెక్కలోనూ లేని పెట్టె ఒకటుంటే... చచ్చినదానికి బతికుండేదాని నంబరు వేసి, బియ్యం దాంట్లో నింపి... దేవుడా! ఇది ఒక్కడు చేసే పని కాదప్పా. దీని వెనక ఎవరెవరుండారో!" ఆ మొండి మనిషి ముఖంలో మునిరామయ్య మొదటిసారి భయం చూశాడు. చూసి, తన భయం రెట్టింపు చేసుకున్నాడు.

"అసలు యార్డులో పెంచలయ్యకు పెట్టె చూపించేదెవరమ్మా? ఎప్పుడూ వాడే వెతుక్కుంటాడా?" అని అడిగాడు.

"లేదండీ. సుబ్బన్న చూపిస్తాడు. ఈ తూరి సుబ్బన్న ఐరాల ఊళ్ళో చెల్లెలి ఇంటికి పోయుండాడు. పెంచలయ్య ఒక్కడే పోయి వెతుక్కున్నాడు."

"అందుకే తప్పుది దొరికింది," అన్నాడు మునిరామయ్య. అంటూండగానే ఇంకో సంగతి తట్టి, ఇన్‌స్పెక్టరు చెయ్యి పట్టుకున్నాడు. ఎన్నడూ అంత చనువు తీసుకోలేదు.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఆ చచ్చిన పెట్టెను చూసి కొలిచినవాడు పెంచలయ్య ఒక్కడే. అది ఎక్కడ నిలబడిందో తెలిసిన సాక్షి వాడొక్కడే. వరదయ్యను చంపినవాడు వాణ్ణి బతకనిస్తాడా? పిలిపించండి. లాకప్పులో పెట్టి తాళం వేయండి. బయట ఉంటే చచ్చిపోతాడు!"

"పొద్దున నాలుగు గంటలు నా ప్రాణం తోడినావు గదప్పా వదలమని!" వెంకటముని నవ్వబోయి ఆగాడు. "మూడింటికే వదిలేసినా. ఆ తర్వాతనే నేను ఈడికి వచ్చినాను."

"ఇంటికి పోయుంటాడు. పదండి."

ఇద్దరూ గుమ్మం దాటబోతూంటే వీధి మెట్లమీద గంగులమ్మ ఎదురైంది. చేతిలో మూత కట్టిన సత్తు గిన్నె ఉంది. పొద్దుటి మనిషి కాదు. ముఖం కడుక్కుని బొట్టు పెట్టుకుంది. మునిరామయ్యను చూడగానే గిన్నె కింద పెట్టి రెండు చేతులూ జోడించింది.

"నీ కడుపు సల్లగుండ సామీ! నా మొగుణ్ణి ఇడిపించినావు. ఈ జలమలో మర్సిపోము."

"పెంచలయ్య యాడున్నాడమ్మా? ఇంట్లోనే గదా?"

"ఇంటికి రాలా సామీ. టేసన్లోనించి అట్టే రేణిగుంటకు పోయినాడు. మూడూ ఇరవై అయిదు బండికి. నేను పోయి బండికాడ సూసొచ్చినా. సుబ్బన్న సామి కూడా పోయినాడు. టిక్కెట్టు గూడా ఆయనే తీసినాడు, మారాజు."

"రేణిగుంటకు ఎందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నువ్వు కొలిసిన పెట్టె యార్డులో యాడ నిలిసుండెనో ఒక్కతూరి సూపీయి, దాన్ని సూసి నీ కొలత తప్పు కాదని నేను రాసిస్తా, మళ్ళా నిన్నెవురూ అనుమానించరు అనినాడంట. ఎంత మంచోడు సామీ! సొంత అన్నదమ్ముడైనా ఇంత సేస్తాడా?"

మునిరామయ్య వేళ్ళు మడిచి లెక్కవేసుకున్నాడు. పెంచలయ్య కొలతలో తప్పు లేదనీ, ఆ పెట్టే వేరనీ బయటపడి అరగంట కాలేదు. అది తెలిసింది ఈ గదిలో ముగ్గురికే. ముగ్గురిలో ఒక్కరూ గడప దాటి బయటికి పోలేదు. అంతకుముందే, మూడింటికే, ఆ పెట్టె ఎక్కడుందో చూపించమని అడిగినవాడికి అది ఎలా తెలిసింది? నిన్న సాయంత్రం ఆరుంపావుకు ఈ తలుపు తట్టినవాడికే తెలియాలి.

వెంకటమునికీ అర్థమైంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళ పగ ఆ చూపులో ఎక్కడా లేదు.

"తర్వాత బండి ఎన్నింటికి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అయిదూ పదికి," అంది యశోదమ్మ గుమ్మంలోంచి. ఆవిడకు బండ్లన్నీ కంఠతా వచ్చు. చెప్పి, గంగులమ్మ ముఖం చూడలేక తల తిప్పుకుంది.

వెంకటముని సైకిలుకోసం వీధిలోకి పరిగెత్తాడు. మునిరామయ్య గుమ్మంలోనే నిలిచిపోయాడు. గంగులమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. కింద పెట్టిన గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుని, మూత సరిచేసుకుంది.

"నిన్నటినించీ పచ్చి నీళ్ళు గూడా ముట్టలా సామీ. సంగటి తెస్తే, వచ్చి తింటాలే, బిర్నా వచ్చేస్తా అనేసి బండెక్కినాడు. ఈ అరుగుమింద కూసుంటా. ఆ దోవనే గదా రావాల?"

మునిరామయ్య వెనక్కి తిరిగి గోడ గడియారం చూశాడు. నాలుగుకు అయిదు నిమిషాలు. బండి రేణిగుంట చేరి అయిదు నిమిషాలైంది.